సుడోకు: రిటైరైనవారు లోకానికిచ్చిన ఆట

(బిచ్కుందలో జరిగిన పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17వ తేదీ మనకు ఎందుకు పండుగో కొత్తగా చెప్పనక్కరలేదు. 1982లో ఇదే తేదీన సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పు ఇస్తూ, పెన్షను అనేది సర్కారు దయతో ఇచ్చే దానం కాదని, చేసిన సేవకు దక్కవలసిన హక్కు అని తేల్చింది. ఏటా ఈ సభలో మనం కరువు భత్యం గురించి, పే రివిజన్ గురించి, వైద్య ఖర్చుల గురించి మాట్లాడుకుంటాం. ఆ విషయాలు నాకంటే బాగా తెలిసినవారు వేదికపై ఉన్నారు. కార్యవర్గం వారు నాకు అప్పగించిన విషయం సుడోకు. "పేపరు లోపలి పేజీలో ఉండే గళ్ళ ఆటకు ఉపన్యాసం ఎందుకయ్యా?" అని ఇద్దరు ముగ్గురు మిత్రులు నవ్వారు. నేను ఒప్పుకోవడానికి ఒక కారణం ఉంది. అది చివర మనవి చేస్తాను.

ముందుగా ఆట తెలియని వారి కోసం రెండు మాటలు. అడ్డం తొమ్మిది, నిలువు తొమ్మిది, మొత్తం 81 గళ్ళు. ఈ పెద్ద చదరంలో మళ్ళీ మూడుకు మూడు చొప్పున తొమ్మిది చిన్న చదరాలు, లావు గీతలతో వేరు చేసి ఉంటాయి. కొన్ని గళ్ళలో 1 నుండి 9 వరకు గల అంకెలు ముందే వేసి ఇస్తారు. మిగతావి మనం నింపాలి. ఏ అడ్డు వరుసలోనూ, ఏ నిలువు వరుసలోనూ, ఏ చిన్న చదరంలోనూ ఒక అంకె రెండుసార్లు రాకూడదు. అంతే నియమం. ఇందులో కూడికలు లేవు, తీసివేతలు లేవు. కాబట్టి లెక్కలంటే భయపడేవారు కూడా ఆడవచ్చు. అంకెల బదులు తొమ్మిది రకాల పండ్ల బొమ్మలు వేసినా ఆట మారదు.

మన ఉద్యోగాల భాషలో చెబుతాను. జమాబందీ రోజుల్లో డిమాండు, వసూలు, బాకీల పట్టీ తయారు చేసినవారు ఈ సభలో చాలామంది ఉన్నారు. అడ్డం మొత్తాలు, నిలువు మొత్తాలు కింది చివరి గడిలో వచ్చి కలవాలి. కలవకపోతే రాత్రి పది గంటలైనా మొదటి గ్రామం నుండి మళ్ళీ చూడవలసిందే. తప్పు జరిగేది మొదట్లో, బయటపడేది చివర్లో. సుడోకు కూడా అటువంటిదే. ఊహించి అంకె వేస్తే ఇరవై గళ్ళు దాటిన తర్వాత చిక్కు వచ్చి పడుతుంది. ఫైలు మీద నోటు రాసినప్పుడు ఏ కాగితం ఆధారంగా రాశావని పై అధికారి అడిగితే చూపించగలిగేవాళ్ళం గదా. ఇక్కడ కూడా ప్రతి అంకెకూ అటువంటి ఆధారం ఉండాలి. అందుకే మన ఉద్యోగులకు ఈ ఆట త్వరగా అలవాటు అవుతుందని నా అభిప్రాయం.

చాలామంది దీన్ని జపాను ఆట అనుకుంటారు. పేరు జపానుదే గాని, ఆట పుట్టింది అమెరికాలో. అంతకు ముందు దీనికి ఒక వంశవృక్షం ఉంది. అందులో మన దేశం వారికి, మన తెలుగువారికి కూడా చోటుంది.

మనకు బాగా ఎరుకైనది పదిహేను యంత్రం. మూడు వరుసలలో 2, 7, 6; 9, 5, 1; 4, 3, 8 అని రాస్తే, అడ్డం కూడినా, నిలువు కూడినా, మూల నుండి మూలకు కూడినా పదిహేనే వస్తుంది. ఖజురహోలోని పార్శ్వనాథ ఆలయంలో నాలుగుకు నాలుగు గళ్ళ చదరం చెక్కి ఉంది, దాని మొత్తం 34. నారాయణ పండితుడు 1356లో రాసిన గణితకౌముదిలో ఇటువంటి చదరాలను కట్టే పద్ధతులను విపులంగా చెప్పాడు. వీటిని మాయా చదరాలు అంటారు. అయితే వీటిలో కూడికే ముఖ్యం. సుడోకులో కూడిక లేదు, స్థానమే ముఖ్యం. కనుక వీటిని దూరపు చుట్టాలుగానే లెక్కించాలి.

దగ్గరి చుట్టం లాటిన్ చదరం. స్విట్జర్లాండులో పుట్టి, రష్యాలోని పీటర్స్‌బర్గులో పనిచేసిన ఆయిలర్ అనే మహా గణితవేత్త 1782లో అచ్చయిన ఒక వ్యాసంలో దీని గురించి రాశాడు. ప్రతి అక్షరం ప్రతి అడ్డు వరుసలో ఒకసారి, ప్రతి నిలువు వరుసలో ఒకసారి మాత్రమే రావాలి. సుడోకులోని చిన్న చదరాల నియమం తీసేస్తే మిగిలేది ఇదే. లాటిన్ అక్షరాలు వాడాడు కాబట్టి ఆ పేరు వచ్చింది.

ఆ వ్యాసంలోనే ఆయన ఒక చిక్కు ప్రశ్న వేశాడు. ఆయన సైనికాధికారులతో చెప్పాడు, నేను మన నిజామాబాదు జిల్లా పాత తాలూకాలతో చెబుతాను. బాన్సువాడ, బోధన్, మద్నూరు, ఎల్లారెడ్డి, కామారెడ్డి, ఆర్మూరు అని ఆరు తాలూకాలు తీసుకోండి. ఒక్కో తాలూకా నుండి అటెండరు, ఎల్.డి.సి., యు.డి.సి., డిప్యూటీ తహసీల్దారు, తహసీల్దారు, డిప్యూటీ కలెక్టరు అని ఆరు హోదాల వారిని పిలవండి. మొత్తం 36 మంది. వారిని ఆరు వరుసలుగా నిలబెట్టాలి. ఏ అడ్డు వరుసలోనూ, ఏ నిలువు వరుసలోనూ ఒకే తాలూకా వారు ఇద్దరు ఉండరాదు, ఒకే హోదా వారూ ఇద్దరు ఉండరాదు. ఎన్ని బదిలీలు చేసినా ఇది కుదరదని ఆయిలర్ అన్నాడు. 1901లో గాస్టన్ తారీ అనే ఫ్రెంచి ఆయన కుదరదని రుజువు చేశాడు. అయితే 10, 14, 18, 22 వంటి సంఖ్యలకు కూడా కుదరదని ఆయిలర్ ఊహించాడు. ఆ మాట సుమారు 177 ఏళ్ళు నిలిచింది. 1959లో దాన్ని తప్పని చూపినవారు ముగ్గురు. అందులో ఇద్దరు మన భారతీయులు, రాజ్‌చంద్ర బోస్, ఎస్.ఎస్. శ్రీఖండే. మూడవ వారు అమెరికా దేశస్థుడు పార్కర్. ఆ వార్తను న్యూయార్క్ టైమ్స్ పత్రిక మొదటి పేజీలో వేసింది.

ఇక మన తెలుగువారి మాట. ఈ గళ్ళ విద్యను కాలక్షేపం నుండి పొలాలకు, కర్మాగారాలకు తీసుకుపోయిన వారిలో కల్యంపూడి రాధాకృష్ణారావు గారు ముఖ్యులు. లోకమంతా సి.ఆర్. రావు అంటుంది. 1920 సెప్టెంబరు 10న హడగలిలో తెలుగు కుటుంబంలో పుట్టారు. వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎం.ఎ. చదివి, కలకత్తాలోని భారత గణాంక సంస్థలో చేరారు. 1947లో ఆయన ప్రకటించిన ఒక పరిశోధన పత్రంలో లాటిన్ చదరాన్ని విస్తరించి ఒక కొత్త అమరిక చూపారు. దానిని ఇంగ్లీషులో ఆర్థోగనల్ అరేలు అంటారు. తక్కువ ప్రయోగాలతో ఎక్కువ సంగతులు తేల్చుకోవడం దాని ప్రయోజనం. తర్వాతి కాలంలో జపాను కర్మాగారాలలో సరుకు నాణ్యత పెంచడానికి తగూచి అనే ఇంజనీరు ఈ అమరికలను విస్తారంగా వాడారు.

ఇందులో పొలం సంగతి ఏమిటంటారా? మన పక్కనే రుద్రూరులో వరి, చెరకు పరిశోధనా కేంద్రం ఉంది. పొలాన్ని చిన్న చిన్న మడులుగా చేసి, ఒక్కొక్క మడికి పేరు రాసిన చీటీ పాతి ఉండటం అటు పోయినవారు చూసే ఉంటారు. నిజాంసాగర్ కాలువకు దగ్గర ఉన్న మడికి తడి ఎక్కువ, దూరంగా ఉన్నదానికి తక్కువ. ఒక పక్క నల్లరేగడి, ఒక పక్క కొంచెం గరుసు. మంచి చోట వేసిన రకం బాగా పండితే అది రకం గొప్పా, నేల గొప్పా? ఈ ప్రశ్నకు ఇంగ్లండులో ఫిషర్ అనే శాస్త్రవేత్త లాటిన్ చదరంతో జవాబు చెప్పాడు. ప్రతి రకం ప్రతి అడ్డు వరుసలో, ప్రతి నిలువు వరుసలో ఒక్కోసారి వచ్చేటట్టు వేస్తే నేల పక్షపాతం తేలిపోతుంది. ఆ ఫిషర్ వద్దనే మన రావు గారు కేంబ్రిడ్జిలో 1948లో డాక్టరేటు పొందారు. 1956లో జర్మనీకి చెందిన బెరెన్స్ ఇంకో అడుగు వేసి, పొలంలోని ప్రతి చిన్న భాగంలో కూడా ప్రతి రకం ఒకసారి రావాలన్నాడు. అడ్డం, నిలువు, చిన్న చదరం! అంటే సుడోకు చట్రం పత్రికలలో ఆటగా రావడానికి ఇరవై ఏళ్ళకు ముందే పంట పొలానికి వచ్చిందన్న మాట.

రావు గారి గురించి ఇంకొక్క మాట. 1979లో, అరవై ఏళ్ళు నిండబోయే వయస్సులో, ఆయన అమెరికా వెళ్ళి రెండో జీవితం మొదలుపెట్టారు. మన లెక్కలో అది రిటైరయ్యే ఈడు. 2023లో ఆయనకు అంతర్జాతీయ గణాంక బహుమతి వచ్చినప్పుడు 102 ఏళ్ళు. ఆ ఏడాది ఆగస్టు 22న కాలం చేశారు.

అదే 1979లో అమెరికాలో ఇంకొక పెద్దాయన మన కథలోకి వస్తాడు. ఆయన పేరు హోవర్డ్ గార్న్స్. ఇండియానా రాష్ట్రంలో భవనాల నమూనాలు గీసే ఆర్కిటెక్టుగా పనిచేసి రిటైరైనవాడు. వయస్సు 74. ఆ ఏడాది మే నెలలో డెల్ అనే ప్రచురణ సంస్థ వారి పజిళ్ళ పత్రికలో "నంబర్ ప్లేస్" అనే ఆట అచ్చయింది. మనం ఈనాడు ఆడుతున్నది అదే. ఆట కింద గార్న్స్ పేరు వేయలేదు. తర్వాత ఎన్నో ఏళ్ళకు విల్ షార్ట్జ్ అనే అమెరికన్ పజిళ్ళ సంపాదకుడు పాత సంచికలు తిరగేసి చూశారు. ఈ ఆట వచ్చిన సంచికలలోనే రచయితల పట్టికలో గార్న్స్ పేరు ఉండటం, రాని సంచికలలో లేకపోవడం గమనించి ఆయనే కర్త అని తేల్చారు. రికార్డు రూములో పాత ఫైళ్ళు తీసి ఆరా తీసినట్టే ఇదీ. గార్న్స్ 1989లో పోయాడు. తన ఆట ప్రపంచమంతా ఆడుతుందని ఆయనకు తెలియనే తెలియదు.

ఆయనకంటే ముందు ఇటువంటి ప్రయత్నాలు లేకపోలేదు. 1890లలో పారిస్ పత్రికలు తొమ్మిదికి తొమ్మిది గళ్ళ చిక్కులు వేశాయి. 1895లో "లా ఫ్రాన్స్" పత్రికలో వచ్చినది సుడోకుకు చాలా దగ్గరగా ఉంది. కానీ చిన్న చదరాలను గీతలతో వేరు చేసి చూపలేదు. కొన్నాళ్ళకు అవి మరుగున పడ్డాయి.

ఆట అమెరికా నుండి 1984లో జపాను చేరింది. నికోలి అనే పజిళ్ళ సంస్థ తన పత్రికలో ఏప్రిల్ నెలలో వేసింది. దానికి పెట్టిన పేరు చాలా పొడుగు: "సూజి వా దోకుషిన్ ని కగిరు". అంకెలు ఒంటరిగానే ఉండాలి, అంటే పెళ్ళి కాని బ్రహ్మచారుల్లాగా ఉండాలి అని అర్థం. ఆ సంస్థ స్థాపకుడు మాకి కాజి దాన్ని కుదించి సుడోకు అన్నాడు. గుర్రప్పందేలకు పోయే తొందరలో అర నిమిషంలో ఆ పేరు పెట్టానని ఆయనే చెప్పుకున్నాడు. 1986లో ఆ సంస్థ రెండు మెరుగులు దిద్దింది. ముందే ఇచ్చే అంకెలు 32కు మించకూడదు, అవి వేసిన గళ్ళు చూపుకు ఒక క్రమంలో ఉండాలి. జపాను బయట ఆ పేరు మీద హక్కు రాయించుకోకపోవడం వల్ల, దేశదేశాల పత్రికలు స్వేచ్ఛగా వాడుకున్నాయి. కాజి 2021 ఆగస్టు 10న 69వ ఏట మరణించాడు. ఆరోగ్యం బాగాలేక పదవి నుండి తప్పుకున్నది అంతకు ముందు నెలలోనే.

మూడవ మనిషి వేన్ గౌల్డ్. న్యూజిలాండు వాడు, హాంకాంగులో జడ్జిగా పనిచేశాడు. 1997లో, రిటైరయ్యే ఏడాదిలో, టోక్యో నగరంలో ఒక పుస్తకాల దుకాణంలో ఈ గళ్ళు చూశాడు. ఆయనకు జపాను భాష రాదు. అయినా గళ్ళు చూసి ఆట పట్టేశాడు. తర్వాత ఆరేళ్ళు ఇంట్లో కూర్చొని, ఈ చిక్కులను తయారు చేసే కంప్యూటరు ప్రోగ్రాము రాశాడు. లండను టైమ్స్ పత్రికకు చిక్కులు ఉచితంగా ఇస్తానని ఒప్పించాడు. 2004 నవంబరు 12న మొదటిది అచ్చయింది. కొద్ది నెలలలో ఇంగ్లండు పత్రికలన్నీ, 2005లో ప్రపంచమంతా ఆ దారి పట్టాయి. మన తెలుగు దినపత్రికలకూ వచ్చేసింది.

గమనించండి. ఆటను కనిపెట్టినవాడు 74 ఏళ్ళ రిటైరైన ఆర్కిటెక్టు. లోకమంతా పంచినవాడు రిటైరైన జడ్జి. "రిటైరయ్యాడు, ఇక ఇతనితో ఏమవుతుంది?" అనే మాట మనలో ప్రతి ఒక్కరం ఎప్పుడో ఒకప్పుడు విన్నాం. ఎవరి ఇంట్లో విన్నామో చెప్పనక్కరలేదు. (నవ్వులు)

ఇది ఇంతగా ఎందుకు పాకింది? నాకు తోచిన జవాబు మన ఊరే ఇస్తుంది. బిచ్కుందలో తెలుగు, మరాఠీ, కన్నడం, ఉర్దూ నాలుగూ వినపడతాయి. గళ్ళ నుడికట్టు నింపాలంటే ఆ భాష రావాలి. నాకు తెలుగు పదవినోదం ఇష్టం, నా పక్కన కూర్చునే మిత్రుడు మరాఠీ మీడియంలో చదివాడు, ఇంకొకాయన ఉర్దూ మీడియం. పదవినోదం ముగ్గురం కలిసి నింపలేం. సుడోకు మాత్రం ఏ పేపరులో వచ్చినా ముగ్గురికీ ఒకటే. జపాను భాష రాని గౌల్డ్ టోక్యోలో ఆట పట్టుకోగలిగింది కూడా ఇందుకే.

దీని పోటీలు కూడా ఉన్నాయి. మొదటి ప్రపంచ సుడోకు పోటీ 2006 మార్చిలో ఇటలీలోని లూకాలో జరిగింది. గెలిచినది చెక్ దేశపు మహిళ యానా టిలోవా. మూడవ పోటీ 2008లో మన గోవాలో, ఆ తర్వాత 2017లో బెంగళూరులో జరిగాయి. గణితవేత్తలు కూడా దీన్ని వదలలేదు. పూర్తిగా నిండిన సుడోకు చదరాలు ఎన్ని రకాలుగా ఉండవచ్చో 2005లో ఫెల్గెన్‌హవర్, జార్విస్ అనే ఇద్దరు లెక్కకట్టారు. ఆ సంఖ్యలో 22 అంకెలు ఉన్నాయి. కోటిని కోటితో గుణించి, వచ్చినదాన్ని మళ్ళీ కోటితో గుణిస్తే ఎంతో, దానికి ఆరున్నర రెట్లకు పైమాట. కాబట్టి పత్రికల వారి దగ్గర సరుకు అయిపోతుందని ఎవరూ దిగులు పడనక్కరలేదు. ఒకే ఒక జవాబు రావాలంటే కనీసం 17 అంకెలు ముందే ఇవ్వాలని, 16తో సాధ్యం కాదని 2012లో డబ్లిన్‌కు చెందిన మెక్‌గైర్ బృందం కంప్యూటరు సాయంతో నిరూపించింది.

వ్యసనం కూడా ఉంది సుమా. 2008లో ఆస్ట్రేలియాలోని సిడ్నీలో ఒక మాదకద్రవ్యాల కేసు అరవై రోజులకు పైగా నడిచింది. జ్యూరీ సభ్యులు తలవంచుకొని శ్రద్ధగా రాసుకుంటూ ఉంటే, సాక్ష్యం నోటు చేసుకుంటున్నారని జడ్జి గారు అనుకున్నారు. తీరా చూస్తే కొందరు నింపుతున్నది సుడోకు! కేసు మొదటి నుండి మళ్ళీ నడపవలసి వచ్చింది. పది లక్షల డాలర్లకు పైగా ఖర్చు దండగయింది. మన ఆఫీసులలో మధ్యాహ్నం పూట పేపరు చదివినవారు ఎవరైనా ఉంటే ఊరట చెందవచ్చు. (నవ్వులు)

ఇప్పుడు నేను మొదట చెప్పిన కారణానికి వస్తాను.

నాతో పాటు ఒకే సెక్షనులో పనిచేసి, నాకంటే ఆరు నెలల ముందు రిటైరైన మిత్రుడు ఒకాయన ఉన్నారు. పేరు చెప్పను. మీలో కొందరికి తెలుసు. నాకు సుడోకు నేర్పినది ఆయనే. నేను పెన్సిలుతో వేసి చెరిపేవాడిని. ఆయన పెన్నుతో వేసేవారు. "రిజిస్టరులో చెరిపేవాళ్ళమా?" అనేవారు. పదేళ్ళకు పైగా ఒక్క రోజు మానలేదు. మూడేళ్ళ కింద ఒక ఉదయం ఆయన నింపిన పేపరు చూశాను. ఒకే వరుసలో రెండు ఏడులు ఉన్నాయి. చెబితే నవ్వి కొట్టేశారు. వారం తర్వాత మళ్ళీ అదే. కళ్ళజోడు మార్చుకోమన్నాను. అంతకుమించి నేను ఆలోచించలేదు. ఆరు నెలలకు ఆయన పాలు తేవడానికి పోయి ఇంటి దారి మరిచిపోయారు. హైదరాబాదులో చూపిస్తే మతిమరుపు జబ్బు అన్నారు.

ఆయన కొడుకు నన్ను ఒక మాట అడిగాడు. "కాకా, బాపు రోజూ ఆ గళ్ళు నింపెటోడు గదా. అది చేస్తే మతిమరుపు రాదంటరు గదా. మరి ఎందుకు ఇట్లయింది?" నా దగ్గర జవాబు లేదు. అప్పటి నుండి ఈ విషయమై దొరికినంత చదివాను. అది మీకు చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను.

2019లో ఇంగ్లండులో యాభై ఏళ్ళు దాటిన 19 వేల మందికి పైగా వ్యక్తులను పరిశీలించారు. అంకెల చిక్కులు తరచుగా చేసేవారు జ్ఞాపకశక్తి, ఆలోచనల పరీక్షలలో మెరుగ్గా ఉన్నారు. ఈ వార్త మన పత్రికలలో వచ్చింది, అందరం సంతోషించాం. కానీ చిక్కులు చేయడం వల్ల బుర్ర చురుకైందా, బుర్ర చురుకైనవారే చిక్కులు చేస్తారా అనేది ఆ పరిశీలనతో తేలదు. మంచి మడిలో వేసిన వరి సంగతే ఇది కూడా. రకం గొప్పా, నేల గొప్పా? 2018లో స్కాట్లండులో 1936లో పుట్టిన 498 మందిని ఏళ్ళ తరబడి చూసిన పరిశోధన వచ్చింది. జీవితమంతా బుర్రకు పని పెట్టినవారు ముసలితనంలో ఎత్తయిన మెట్టు మీద నుండి మొదలుపెడతారు, కానీ దిగే వేగం మాత్రం తగ్గదు అని వారు తేల్చారు. పెన్షను మొదట్లో ఎక్కువ ఖాయమైనవాడికి ఖర్చులు తగ్గవు, కాకపోతే చేతిలో కాస్త ఎక్కువ కాలం నిలుస్తుంది. అలాగే అనుకోండి.

అంటే సుడోకు మందు కాదు. నా మిత్రుడి తప్పు ఏమీ లేదు, ఆయన కొడుకు తప్పు కూడా లేదు. ఈ మాట ఆ అబ్బాయికి చెప్పినప్పుడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "సరే కాకా, నేనింక బాపును లెక్కలు చెయ్యమని సతాయించ" అన్నాడు. రోజూ ముందు కూర్చోబెట్టి నింపమని బలవంతం చేస్తున్నాడట, పాపం. ఆయన నింపలేక ఏడ్చేవారట.

మరి పనికివచ్చేవి ఏమిటి? 2024లో లాన్సెట్ వైద్య పత్రిక నియమించిన నిపుణుల సంఘం 14 కారణాలు చెప్పింది. వాటిని జీవితమంతా సరిచూసుకుంటే ప్రపంచంలో మతిమరుపు జబ్బులలో దాదాపు 45 శాతం రాకుండానో, ఆలస్యంగానో చేయవచ్చట. రక్తపోటు, మధుమేహం, కొలెస్టరాల్, పొగతాగడం, మద్యం, కదలకుండా కూర్చోవడం, వినికిడి తగ్గినా పట్టించుకోకపోవడం, చూపు తగ్గినా పట్టించుకోకపోవడం, మనోవ్యాకులత, ఒంటరితనం వాటిలో ఉన్నాయి. ఒంటరితనం అనే మాట దగ్గర నేను ఆగిపోయాను. వినికిడి యంత్రం పెట్టుకోవడానికి సిగ్గుపడి సభలకు రావడం మానుకున్నవారు మన సంఘంలో ఉన్నారు. వారిని ఈ సభ ముఖంగా కోరుతున్నాను, యంత్రం పెట్టుకొని రండి.

రెండవ మాట. లెక్కలో, సంతకంలో, దారిలో, మాటలో ఎన్నడూ లేని తేడా కనబడితే, "వయస్సు కదా" అని ఊరుకోకండి. నేను ఆ రెండు ఏడులను చూసి ఊరుకున్నాను. బి-12 విటమిను తక్కువైనా, థైరాయిడ్ తేడా చేసినా మతిమరుపు రావచ్చు, అవి మందులతో సరి అవుతాయి. మిగతా వాటికి పూర్తి నివారణ లేకపోయినా, ముందే తెలిస్తే ఇంటివారు ఏర్పాట్లు చేసుకోవచ్చు. బ్యాంకు ఖాతా, నామినేషను, ఫ్యామిలీ పెన్షను కాగితాలు చెయ్యి నిలకడగా ఉన్నప్పుడే సరిచేసుకోవడం మన ఉద్యోగులకు ప్రత్యేకంగా చెప్పాలా?

మూడవ మాట. సుడోకు మానకండి. మందు కాకపోయినా అది మంచి తోడు. అయితే గది తలుపు వేసుకొని ఒంటరిగా కాకుండా, పక్కన ఇంకొకరిని కూర్చోబెట్టుకొని ఆడండి. చిన్నపిల్లలకు నాలుగుకు నాలుగు గళ్ళది ఉంటుంది. 1 నుండి 4 వరకే అంకెలు, రెండుకు రెండు చొప్పున నాలుగు చిన్న చదరాలు. ఒకటి చెబుతాను, రాసుకోండి. మొదటి వరుస: 1, ఖాళీ, ఖాళీ, 4. రెండవ వరుస: ఖాళీ, ఖాళీ, 1, ఖాళీ. మూడవ వరుస: ఖాళీ, 1, ఖాళీ, ఖాళీ. నాలుగవ వరుస: 4, ఖాళీ, 2, ఖాళీ. మొదటి వరుసలో మూడవ గడి చూడండి. ఆ వరుసలో 1, 4 ఉన్నాయి కాబట్టి రావలసినవి 2, 3. ఆ గడి కిందుగా నాలుగవ వరుసలో 2 ఉంది. కనుక ఇక్కడ 3 తప్ప ఇంకొకటి రాదు. ఆధారం చూపించాం, అంకె వేశాం. మిగతాది ఇంటికి పోయి మనవళ్ళు, మనవరాళ్ళతో కలిసి నింపండి.

నేను ఇటువంటి నాలుగు గళ్ళ కాగితం ఒకటి గీసుకొని వారానికి మూడు సాయంత్రాలు నా మిత్రుడి ఇంటికి పోతాను. తొమ్మిది గళ్ళది ఆయనకు ఇప్పుడు సాధ్యం కాదు. నాలుగు గళ్ళది కొన్ని రోజులు నింపుతారు, కొన్ని రోజులు నింపలేరు. ఒకే వరుసలో రెండు మూడులు వేసిన రోజున నేను దిద్దను. నా పేరు ఒక్కోసారి గుర్తుండదు. కానీ నేను పెన్సిలు తీస్తే మాత్రం ఇప్పటికీ చెయ్యి అడ్డం పెట్టి, తన జేబులోని పెన్ను తీసి ఇస్తారు.